బ్రేకుల్లేని బండిని నెట్టినవాడు

నేను స్పీడ్‌వే పందేల్లో పాతికేళ్లు మోటార్‌సైకిల్ నడిపాను. ఉత్తర జర్మనీలో నేను వస్తున్నానంటే మలుపులు వాటంతటవే వంగేవి. ఒకసారి జోరు వానలో, ఎడమకాలు విరిగి ఉండగా, ముగ్గురిని దాటి గెలిచాను.

సరే, పై మూడు వాక్యాలూ కొట్టేయండి. నేను ఆ బండి నడిపింది ఒకే ఒక్కసారి, అదీ పావు చుట్టు. తిరగాల్సిన చోట తిరక్కుండా తిన్నగా వెళ్లి కంచెకి ఆనించిన గడ్డిమోపుల్లో తల దూర్చాను. విరిగింది కాలు కాదు, కళ్లజోడు. వాన కూడా లేదు, ఎండ ఫెళ్లున కాస్తోంది. మిగతా పాతికేళ్లూ నా పని ఇంకొకడు నడిపే బండిని విప్పడం, కడగడం, బిగించడం, వెనకనుంచి నెట్టడం. మెకానిక్‌ని.

ఇది రాయమన్నది మా ఆవిడ కామేశ్వరి. కరోనా వచ్చిన ఏడాదే నేను వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. వారమంతా ఫ్యాక్టరీ షిఫ్టు, శని ఆదివారాలు రేసులు, ఇదీ అప్పటిదాకా నా బతుకు. ఒక్కసారిగా రెండూ లేవు. బయటికి పోయే వీల్లేదు. వినడానికి మిగిలిన ఒక్క మనిషీ ఆవిడే.

"ఆ వానలో రేసు కథ చెప్పినప్పుడల్లా మీరు దాటినవాళ్లు పెరిగిపోతున్నారండీ. కాగితం మీద పెట్టెయ్యండి. అక్కడైనా ఆగుతారు" అంది.

ఇంకో కారణం మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదివే మన పిల్లలు. ఆంక్షలు సడలాక కొందరు రైలెక్కి మా ట్రాక్ చూడ్డానికి వస్తున్నారు. ఈ పని నేర్పమని ఒకరిద్దరు నిజంగానే అడుగుతున్నారు.

అసలు కారణం మాత్రం వేరు. యోర్గ్ అనే రైడర్ చివరి పందెం నేను చెడగొట్టానని మా క్లబ్బులో ఇప్పటికీ అనుకుంటారు. చెడగొట్టిన మాట నిజమే. ఎందుకో మీకు అర్థం కావాలంటే ముందు ఆ పనేమిటో చెప్పాలి.

ఆగని బండి

శ్రావణి అని కరీంనగర్ అమ్మాయి. మొదటిసారి వచ్చినప్పుడు బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"అంకుల్, గీ బండికి బ్రేకు ఏడుంది?"

"లేదమ్మా."

"వెనక చక్రానికన్నా?"

"దానికీ లేదు."

"మరి ఆపుడెట్ల?"

"ఆపాలని ఉన్నవాళ్లు ఎక్కకూడదు."

ఆ పిల్ల పకపకా నవ్వింది. నేను నవ్వడం లేదని చూసి ఆగిపోయింది.

స్పీడ్‌వే బండి అంటే ఒక పెద్ద ఇంజిన్, దాన్ని పట్టుకుని ఉండేందుకు సన్నటి గొట్టాలు, ఒకటే గేరు. పెట్రోలు పోయరు, మిథనాల్ పోస్తారు. మట్టి ట్రాక్ మీద నలుగురు, నాలుగు చుట్లు, అందరూ ఎడమవైపుకే తిరుగుతారు. నిమిషంలో అయిపోతుంది. ఆ నిమిషాన్ని హీట్ అంటారు. ఒక రోజున ఒక్కో రైడర్ అలాంటివి ఐదారు ఆడతాడు, చివరికి పాయింట్లు కూడతారు.

మలుపులో వాళ్లు చేసేది మొదటిసారి చూసినవాళ్లు బండి పడిపోతోందనే అనుకుంటారు. వెనక చక్రాన్ని కావాలనే జారనిస్తారు. బండి ఎడమకి పోతుంటే హ్యాండిల్ కుడికి తిప్పి ఉంటుంది. ఎడమకాలి బూటుకి ఇనప తొడుగు ఉంటుంది, అది నేలమీద రాసుకుంటూ పోతుంది. నెమ్మదించడానికి కూడా థ్రాటిలే, అంటే చేత్తో తిప్పే యాక్సిలరేటరే. భయమేసి థ్రాటిల్ వదిలేశారో, నేను గడ్డిమోపులోకి పోయినట్టు పోతారు.

ముందు వెళ్లేవాడు పడిపోతే? వెనకవాడికి బ్రేకు లేదు, తప్పుకోడానికి చోటు లేదు. ఉన్నది ఒకటే దారి, తన బండిని తనే నేలమీద పడుకోబెట్టడం. తను పడితే, పడ్డవాడు బతుకుతాడు. మంచి రైడరంటే ఎక్కువ కప్పులు గెలిచినవాడని అనుకోకండి. ఆలోచించే వ్యవధి లేనప్పుడు ఆ పని చెయ్యగలిగినవాడే మంచి రైడర్. ఈ ఒక్క విషయంలో నేను ఏమీ పెంచి చెప్పడం లేదు.

ఇంకో సంగతి. ఈ బండికి సెల్ఫ్ లేదు, కిక్కూ లేదు. కొన్ని క్లబ్బుల్లో రోలర్ల మీద పెట్టి తిప్పుతారు. మా దగ్గర మాత్రం మనిషే నెట్టాలి. రైడర్ కూర్చుంటాడు, మెకానిక్ వెనకనుంచి నెడుతూ పరిగెడతాడు, క్లచ్ వదలగానే ఇంజిన్ అంటుకుంటుంది. రిఫరీ గంట కొట్టాక రెండు నిమిషాల్లో బండి పందెం మొదలయ్యే గేటు దగ్గర నిలబడాలి, లేకపోతే ఆ హీట్ నుంచి తీసేస్తారు. అంటే నేను నెట్టకపోతే పందెం లేదు. ఈ అధికారం నాకుందని చాలా ఏళ్లు నాకే తట్టలేదు.

హెల్మూట్ కొట్టంలో

నాకు పని నేర్పినవాడు హెల్మూట్. ఊరి చివర ఒకప్పటి పశువులశాలలో ఇంజిన్లు బాగుచేసేవాడు. విజయవాడలో స్కూటర్లు విప్పిన చెయ్యి నాది, ఫ్యాక్టరీలో కార్లు చూసిన కన్ను. నాకు తెలియని ఇంజిన్ లేదన్న ధీమాతో వెళ్లాను. ఆయన నా చేతికి చీపురిచ్చాడు.

ఏడాదిపాటు ఊడ్చాను. సరే, నెల. కామేశ్వరి పక్కనుంచి చూస్తోంది.

నా పేరు ముత్యాలరావు. ఆయన నోటికది పలకలేదు, ముట్టి అన్నాడు. జర్మన్లో ముట్టి అంటే అమ్మ. మీసాలున్న అమ్మని చూసి రైడర్లంతా నవ్వారు. ఆ పేరే మిగిలిపోయింది.

మిథనాల్ మంటకి రంగుండదు. ఎండలో అసలు కనిపించదు. ఈ మాట హెల్మూట్ నాకు చెప్పలేదు. ఒకరోజు ట్యాంకు నింపుతుంటే కాస్త ఒలికింది, పక్కన వేడి సైలెన్సర్ ఉంది. కాసేపటికి తొడ చురుక్కుమంది. చూస్తే ఏమీ లేదు. మళ్లీ చురుక్కు. గెంతడం మొదలుపెట్టాను. పక్కనున్నవాళ్లు ఇండియా డాన్స్ చేస్తున్నానని చప్పట్లు కొట్టారు. హెల్మూట్ ఒక్కడే నీళ్ల బకెట్ ఎత్తి నామీద కుమ్మరించాడు.

"ముందే చెప్పొచ్చుగా?" అని అరిచాను.

"ఇప్పుడు గుర్తుంటుంది" అన్నాడు.

ఆయన గురించి నా అభిప్రాయం దాచుకోను. ఆయన చేతిలో పడ్డ ఇంజిన్ సాకు చెబుతూ తిరిగొచ్చింది లేదు. శబ్దం విని ఏ వాల్వు బాధపడుతోందో చెప్పేవాడు, అదీ రొట్టె నములుతూ. అంతటి పనివాణ్ని మళ్లీ చూడలేదు. కానీ ఎందుకో చెప్పకుండా నేర్పడం గొప్పతనమని ఆయన అనుకునేవాడు. నేను అనుకోను. నా తొడమీద మచ్చ ఉంది, అందుకే అనుకోను. మీరు ఎవరికైనా నేర్పితే కారణం ముందు చెప్పండి, బకెట్ పక్కన పెట్టుకోండి.

కప్పుల మీద నడిచేవాడు

యోర్గ్ హెల్మూట్ దగ్గరికి ఇంజిన్ తెచ్చినప్పుడు కుర్రాడు. పని ఇళ్ల పైకప్పులు వెయ్యడం. ఇక్కడ చాలామంది రైడర్లు ఇలాంటివాళ్లే, శుక్రవారం దాకా ఏదో చేతిపని, ఆపైన రేసు. యోర్గ్‌తో తిరిగాక నాకు ఏ ఊళ్లోకి వెళ్లినా ముందు ఇళ్ల కప్పులు చూడడం అలవాటైంది. ఇది వీడు వేసిందేనా అని.

వాడు ప్రపంచ ఛాంపియన్ అవుతాడని ఊరంతా చెప్పుకుంది. ఊరంతా అంటే నేను. కాలేదు. జాతీయ స్థాయిలో కొన్నాళ్లు ఆడాడు, రెండో లీగులో చాలాకాలం ఆడాడు. కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాడు, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, ఒకసారి రెండూ. అయినా నేను చూసిన రైడర్లలో వాడంత కన్నున్నవాడు లేడు.

పందేనికి ముందు రైడర్లంతా ట్రాక్ మీద నడుస్తారు. మిగతావాళ్లు కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. యోర్గ్ నోరెత్తడు. మడమతో మట్టిని తవ్వుతాడు, వేళ్లతో నలుపుతాడు. ఇక ప్రతి హీట్ అయ్యాక హెల్మెట్ కూడా తియ్యకముందే నాకు ట్రాక్ అప్పగించేవాడు. మొదటి మలుపు లోపల ఎలా ఉంది, బయట మట్టి ఎక్కడ పేరుకుంది, ఎండ ఎటువైపు ఆరబెడుతోంది. ఆ మాటల్ని బట్టి నేను వెనకచక్రం పళ్లచక్రం మార్చేవాణ్ని. ట్రాక్టర్ వచ్చి మట్టి సాపుచేసి నీళ్లు చల్లి వెళ్లేది, యోర్గ్ మళ్లీ కొత్త ట్రాక్ చెప్పేవాడు. ట్రాక్ ప్రతి హీట్‌కీ మారుతుంది, వాడి మాటా మారుతుంది. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఇది కూడా పెంచి చెప్పడం లేదు, హెల్మూట్‌ని అడిగినా అదే చెప్పేవాడు, బతికి ఉంటే.

నా దగ్గర ఒకే ఒక తెలుగు ముక్క నేర్చుకున్నాడు. బండి నెట్టేటప్పుడు నేను ఊపు కోసం "పద, పద" అనేవాణ్ని. వాడది పట్టేశాడు. గంట మోగగానే సీటు మీద కూర్చుని వెనక్కి తిరక్కుండా "పద, ముట్టి!" అనేవాడు. జర్మనీలో ఎన్ని ట్రాకుల మీద ఆ మాట వినపడిందో నాకే లెక్క లేదు.

వాడి భార్య ఆంకె స్కూలు బస్సు నడుపుతుంది. పెళ్లయిన కొత్తలో ఆమె నాతో ఒకటే అంది. "వాణ్ని ఆపమని నిన్ను అడగను. వాడు ఆగడు. ఇంటికి తీసుకురా, చాలు."

తెస్తానన్నాను. ఎంత పెద్ద మాటో అప్పుడు తెలియలేదు.

నిమ్మకాయ వాసన

యోర్గ్ తన చివరి సీజన్ ప్రకటించాడు. కరోనా వచ్చింది. సీజనే రద్దయింది.

వాడప్పటికే నలభై దాటి చాలా దూరం వచ్చేశాడు. ఎడమ మోకాలు మెట్లెక్కేటప్పుడు శబ్దం చేసేది. అక్కడితో మానెయ్యొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఒక్కటి మిగిలిపోయింది. మా క్లబ్బు ఏటా సొంత ట్రాక్ మీద పెట్టే కప్పు. వాడు ఎక్కడెక్కడో గెలిచాడు, సొంతూళ్లో ఆ కప్పు మాత్రం ఏనాడూ చేతికి రాలేదు. ఒకసారి చైను తెగింది, ఒకసారి వాన పడింది, ఒకసారి వాళ్లమ్మాయి ఆరోజే పుట్టింది.

"ఇంకో ఏడాది ఆగుతాను ముట్టీ. ఆ కప్పొక్కటి ఎత్తుకుని మానేస్తాను" అన్నాడు ఫోన్లో.

అలా ఒక ఏడాది వాడు ఒంటరిగా వ్యాయామం చేశాడు, నేను ఒంటరిగా ఇంజిన్ విప్పి మళ్లీ బిగించాను. వంటగది బల్లమీద. కామేశ్వరి పిస్టన్ పక్కనే కూరలు తరిగింది.

ట్రాక్ తెరిచాక మొదటి ప్రాక్టీసులో ఒక ఘనకార్యం చేశాను. ఇంజిన్ తొందరగా అంటుకోవడానికి కార్బురేటర్‌లోకి చిన్న సీసాతో కాస్త మిథనాల్ చిమ్ముతాం. హైజీన్ నియమాల ప్రకారం క్లబ్బువాళ్లు ప్రతి బల్లమీదా చేతులకి రాసుకునే శానిటైజర్ పెట్టారు. అచ్చం అలాంటి సీసాలోనే. నేను కార్బురేటర్‌కి శానిటైజర్ పట్టించి నెట్టడం మొదలుపెట్టాను. ట్రాక్ ఈ చివరినుంచి ఆ చివరిదాకా నెట్టాను. ఇంజిన్ ఒకసారి దగ్గింది. గొట్టంలోంచి నిమ్మకాయ వాసన వచ్చింది.

యోర్గ్ హెల్మెట్ అద్దం పైకెత్తాడు. "ముట్టీ, ఇంజిన్‌కి కరోనా రాదు."

ఆ రోజునుంచి మిథనాల్ సీసాకి ఎర్ర టేపు చుట్టాను. మీరూ చుట్టండి. సీసాలు తారుమారైతే నవ్వులాట కాదు, మిథనాల్ విషం, చేతులకి రాసుకునేది కాదు.

గోడ అవతల జనం

మరుసటి వేసవిలో కప్పు పెట్టారు. ప్రేక్షకులకి అనుమతి లేదు. రైడర్‌కి ఇద్దరు సహాయకులు మాత్రమే, అందరికీ టెస్టు, అందరికీ ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు. ఇళ్లలో ఉన్నవాళ్ల కోసం లైవ్ పెట్టారు. ఊరివాళ్లు ఊరుకుంటారా? ట్రాక్ చుట్టూ బంగాళాదుంప చేలు. కంచె అవతల ట్రాక్టర్లు, ట్రాలీలు వరసగా నిలబెట్టి, వాటి మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చేలో కూర్చోవద్దని ఏ నియమంలోనూ లేదట.

పొద్దున ట్రాక్‌కి నీళ్లు ఎక్కువైపోయాయి. మొదటి హీట్ అయ్యాక యోర్గ్ వచ్చి అప్పగించాడు. "మొదటి మలుపు లోపలంతా సబ్బు. బయట పట్టు ఉంది. వెనకాల పెద్దది వెయ్యి." వేశాను. గెలిచాడు. మధ్యాహ్నానికి ఎండ ముదిరి ట్రాక్ ఎండిపోయింది, మాట మారింది, పళ్లచక్రమూ మారింది. మళ్లీ గెలిచాడు. ఒకసారి రెండోవాడుగా వచ్చాడు. అంత హాయిగా వాణ్ని చూసి చాలాకాలమైంది. ఆ మోకాలితో, ఆ వయసులో, సగం వయసు కుర్రాళ్ల బయటినుంచి చుట్టేసి వస్తుంటే ట్రాలీల మీద జనం హారన్లు కొట్టారు. నేను ఏడ్చాను. మాస్కు ఉండబట్టి ఎవరికీ తెలియలేదు.

చివరి హీట్‌కి లెక్క తేలిపోయింది. అది గెలిస్తే కప్పు వాడిదే.

ఆ హీట్ రెండో చుట్టులో, ముందున్న కుర్రాడు, లెనార్ట్ అని పద్దెనిమిదేళ్లవాడు, మలుపులో పడ్డాడు. యోర్గ్ వాడి వెనకే ఉన్నాడు. చెయ్యిచాచితే అందేంత దూరం. లోపలివైపు సందు ఉంది, సాహసిస్తే దూరిపోవచ్చు. కుర్రాడి కాలు ఆ సందులోకే చాచి ఉంది. యోర్గ్ బండి పడుకోబెట్టేశాడు. బండీ వాడూ విడివిడిగా జారుతూ పోయి గాలి నింపిన మెత్తటి కంచెకి కొట్టుకున్నారు.

హారన్లు ఆగిపోయాయి. డాక్టరమ్మ, అంబులెన్సువాళ్లు లెనార్ట్ దగ్గరికి పరిగెత్తారు. వాడి కాలర్‌బోన్ విరిగింది, గట్టిగా అరుస్తున్నాడు. యోర్గ్ తనంతట తనే లేచి చెయ్యి ఊపాడు. ట్రాలీల మీదివాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నడుచుకుంటూ వస్తున్నవాణ్ని ఎవరు పరీక్షిస్తారు?

పడ్డవాడిది తప్పు కాబట్టి లెనార్ట్‌ని తీసేసి మిగతా ముగ్గురితో మళ్లీ మొదలని రిఫరీ ప్రకటించాడు. అంటే యోర్గ్‌కి కప్పు ఇంకా అందేంత దూరంలోనే ఉంది. నేను రెండో బండి సిద్ధం చేస్తుంటే వాడొచ్చి, ఎప్పటిలాగే, అప్పగించాడు.

"మొదటి మలుపు లోపలంతా సబ్బు. బయట పట్టు ఉంది. వెనకాల పెద్దది వెయ్యి."

నా చేతిలో స్పానర్ ఆగిపోయింది. మా ఇద్దరి మధ్యనుంచి దుమ్ము ఎగిరిపోతోంది.

"యోర్గ్, అటు చూడు. దుమ్ము."

చూశాడు. "అవును. సబ్బు" అన్నాడు.

మనిషి నవ్వుతున్నాడు, నిలబడ్డాడు, తన పేరు అడిగితే చెప్పేవాడే. ట్రాక్ మాత్రం తప్పు చెప్పాడు. ఇన్నేళ్లలో మొదటిసారి.

రెండు నిమిషాలు

గంట మోగింది. వాడు బండెక్కి కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు.

"పద, ముట్టి!"

నేను నెట్టలేదు.

"పద!"

"దిగు యోర్గ్. నీ తలకి దెబ్బ తగిలింది."

అప్పుడు తిరిగాడు. ఆ చూపు నేను రాయను. "నాకేం కాలేదు. నెట్టు."

"నెట్టను."

ఖాళీ గ్యాలరీలో ప్రతి మాటా కొట్టొచ్చినట్టు వినపడుతోంది. క్లబ్బు అధ్యక్షుడు పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది, బండి పాడైందా?" "బండి బాగానే ఉంది. మనిషే బాగాలేడు." "వాడు బాగున్నానంటున్నాడుగా!" పక్క రైడర్ మెకానిక్, మంచివాడే పాపం, "నువ్వు అలిసిపోయినట్టున్నావు, నేను నెడతాలే" అని నా వెనకనుంచి బండి మీద చెయ్యి వేశాడు.

ఆ బండికి ఒక పిన్ను ఉంటుంది. దాని తాడు రైడర్ మణికట్టుకి కట్టి ఉంటుంది. వాడు పడిపోతే పిన్ను ఊడొచ్చి ఇంజిన్ ఆగుతుంది. ఆ పిన్ను లేకపోతే బండిని ఎంతమంది నెట్టినా నిప్పురవ్వ పుట్టదు. నేను వంగి తాడు కోసేసి, పిన్ను లాగేశాను. జేబులో పెడితే లాక్కుంటారని తెలుసు. మాస్కు ఎత్తి లోపల పడేసుకున్నాను, పెదాలతో గట్టిగా పట్టుకున్నాను.

ఆ రోజుల్లో ఇంకొకడి మాస్కులో చెయ్యి పెట్టే మొనగాడు జర్మనీలో లేడు. అధ్యక్షుడు మీటరున్నర దూరంలో నిలబడి అరిచాడు. పక్క మెకానిక్ ఒకడుగు వేసి, ఆగి, నియమం గుర్తొచ్చి వెనక్కి వేశాడు. యోర్గ్ బండి దిగి నా కాలర్ పట్టుకున్నాడు. నేను కదల్లేదు. కదలకపోవడం ధైర్యమేమీ కాదు, కదిలితే పిన్ను నోట్లోంచి జారిపోతుందని.

రెండు నిమిషాలూ అయిపోయి ఎర్ర దీపం వెలిగింది. యోర్గ్ పేరు తీసేశారు. మిగిలిన ఇద్దరూ పరిగెత్తారు, ఒకడికి కప్పు వచ్చింది. మంచి కుర్రాడు, వాడి పేరెందుకు.

లెనార్ట్‌ని అంబులెన్సు ఎక్కించి డాక్టరమ్మ అప్పుడే మా దగ్గరికి వచ్చింది. జరిగింది చెప్పాను, ముందు పిన్ను నోట్లోంచి తీసి. ఆమె యోర్గ్ కళ్లలోకి లైటు వేసి చూసింది, వేలు కదిలించి చూపించింది, కొన్ని ప్రశ్నలు అడిగింది. "వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈ తలతో ఇంకోసారి పడి ఉంటే..." అని ఆగి, "తీసుకెళ్లండి" అంది.

ఇంతలో ఫోన్. కామేశ్వరి.

"ఏమండీ, లైవ్‌లో అంతా మిమ్మల్నే చూపించారు. ఆ మాస్కులో ఏం దాచుకున్నారు?"

"బండి పిన్ను."

"నోట్లోనా! ఆ గ్రీజుతోనా! యోర్గ్ ఎలా ఉన్నాడు?"

"ఆస్పత్రికి తీసుకెళ్తున్నా. ఆంకెకి నువ్వు చెప్పు. నేను చెప్తే..."

"మీరు చెప్తే పెంచి చెప్తారు. నేను చెప్తాలెండి, మీరు రోడ్డు చూసి నడపండి."

వ్యాన్‌లో

ఆస్పత్రికి అరగంట దారి. యోర్గ్ పక్క సీట్లో తోలు సూటుతోనే కూర్చున్నాడు. కొంచెం దూరం వెళ్లాక అడిగాడు.

"చివరి హీట్ ఏమైంది?"

ఇంత సులువైన అవకాశం నాకు జీవితంలో ఇంకోటి రాలేదు. గెలిచావని చెప్పొచ్చు. మిగిలింది ఇద్దరే అయినా ముగ్గురినీ బయటినుంచి చుట్టేశావని చెప్పొచ్చు. అలాంటివి చెప్పడంలో నన్ను మించినవాడు లేడు, ఆ క్షణంలో వాడు నమ్మేవాడు కూడా.

"నువ్వు ఆడలేదు. నేను నెట్టలేదు" అన్నాను.

 వాడు కిటికీ అద్దం మీద గుద్ది నన్ను తిట్టాడు. నేనెలాంటివాణ్నో, నా వల్ల ఏం పోయిందో చెప్పాడు. అన్నీ నిజమే. విన్నాను.

ఒక పెట్రోలు బంకు దాటాం. వాడు నావైపు తిరిగి మామూలుగా అడిగాడు. "చివరి హీట్ ఏమైంది ముట్టీ?"

మళ్లీ చెప్పాను. మళ్లీ మొదటిసారి విన్నట్టే విన్నాడు, మళ్లీ మొదటిసారిలాగే తిట్టాడు. ఆస్పత్రి గేటు దగ్గర ఇంకోసారి అడిగాడు. మొదటిసారి కన్నా మూడోసారి చెప్పడమే కష్టమైంది. ఎందుకంటే అప్పటికి ఏ ముక్క వాడికి ఎక్కువ నొప్పి పెడుతుందో నాకు తెలుసు.

కరోనా నియమం, తోడువాళ్లు లోపలికి పోకూడదు. తలుపు దగ్గర వాడి ముక్కులో పుల్ల పెట్టి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకుపోయారు. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. తిరగనిది కోపంతోనా, నేనక్కడున్నానని మర్చిపోయినందుకా అన్నది తెలియక ఆ పార్కింగ్‌లో వ్యాన్ పక్కన చీకటి పడేదాకా నిలబడ్డాను. ఆంకె వచ్చింది. ఆమెనీ లోపలికి రానివ్వలేదు.  ఫ్లాస్కులో కాఫీ ఉంటే నాకో కప్పు పోసిచ్చింది.

పిల్లలూ, ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. ఇంజిన్ ఎవరైనా నేర్పుతారు. మీ రైడర్ మామూలుగా ఉన్నప్పుడు ఎలా మాట్లాడతాడో మాత్రం మీరే వినాలి, ఏళ్లతరబడి, ఏ అవసరమూ లేనప్పుడు కూడా. మీరు చేసింది మంచిపనే అయినా దానికి దండ వెయ్యరు. మా క్లబ్బులో ఆ తర్వాత కొన్నాళ్లు నేనొస్తే కుర్చీ జరిపేవాళ్లు కాదు. యోర్గ్ కప్పు పోగొట్టినవాణ్నని ఒకరిద్దరు మొహంమీదే అన్నారు. నిజమే కదా అన్నాను. యోర్గ్‌లాంటి రైడర్‌ని కప్పు కోసం తొందరపెట్టినవాళ్లలో నేను కూడా ఉన్నాను, ఆ ఉదయం దాకా.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. యోర్గ్ నంబరు. ఎత్తడానికి చెయ్యి రాలేదు. మళ్లీ ఆ ప్రశ్న అడుగుతాడేమో అని. నాలుగోసారి అదే చెప్పే ఓపిక నాకు లేదు. కామేశ్వరి ఎత్తి, స్పీకర్ నొక్కి, నా ముందు పెట్టింది.

"ముట్టీ!"

"చెప్పు."

"ముసలి ఎద్దా! పిన్ను మాస్కులో పెట్టుకుంటావా? సొంత ట్రాక్ మీద, అందరి ముందూ, దుమ్ములో నన్ను నిలబెట్టి..."

ఏమైందని అడగలేదు. దుమ్ము అన్నాడు.

వాడు ఊపిరి తియ్యకుండా గంటసేపు తిట్టాడు. సరే, పది నిమిషాలు. జర్మన్లో నాకు తెలియని తిట్లు ఇంకా మిగిలున్నాయని ఆ పొద్దున తెలిసింది. కామేశ్వరికి సగం అర్థం కాలేదు.

"ఏమంటున్నాడండీ?" అంది నెమ్మదిగా.

"తిడుతున్నాడు."

"గుర్తున్నాయా అన్నీ?"

"వరసగా చెబుతున్నాడు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అవతల యోర్గ్ అలిసిపోయి ఆగాడు. "వింటున్నావా?"

"వింటున్నా. ఆపకు. ఇంకా తిట్టు."